ఇంట్లో ఎవరికీ లేదు

హాస్టల్ వంటగదికి రెండు కిటికీలు. ఒకటి గిన్నెలు తోమే తొట్టి వైపు, రెండోది బస్టాండు వైపు. ఇరవై మూడేళ్ళుగా అక్కడ గరిటె తిప్పుతున్న వంటక్క కూరగాయలు ఎప్పుడూ రెండో కిటికీ దగ్గరే తరిగేది. పొగ, దుమ్ము, హారన్ల మోత అన్నీ ఆ కిటికీలోంచే వచ్చిపడేవి. "ఇటొచ్చి కూర్చోరాదూ, చల్లగా ఉంటుంది" అని వార్డెనమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆమె కదిలేది కాదు. ఆ కిటికీలోంచి ఆమెకు తమ్ముడి గొంతు వినబడేది.

తమ్ముడు బస్టాండులో అనౌన్సరు. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా ఉండేది కాదు, ఊరంతా అతన్ని 'మైకు' అనే పిలిచేది. "ప్రయాణికులకు మనవి" అని అతను మొదలుపెట్టాడంటే కునికిపాట్లు పడుతున్న ముసలివాళ్ళు కూడా సంచులు సర్దుకుని లేచేవారు. ఎప్పుడో పోయిన బస్సు గురించి చెప్పినా వినబుద్ధేసే గొంతు అది. అద్దాల గదిలో కూర్చుని, పాత ఫ్యాను కింద, రోజుకు రెండు వందల సార్లు అవే మాటలు చెప్పేవాడు. ఒక్కసారి కూడా విసుగు వినబడేది కాదు. ఆ గొంతు తప్ప తన దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ లేదని అతనే అనేవాడు.

వంటక్క ఆ గొంతును ముచ్చటకు వినేది కాదు. కాపలాకు వినేది. మాట కాస్త మందమైందా, ప్లాట్‌ఫారం అనే చోట నాలుక తడబడిందా అని చెవులు రిక్కించుకుని ఉండేది. అనుమానం వస్తే పొయ్యి తగ్గించి, తరువాతి బస్సు కోసం ఎదురుచూసేది. అతను మళ్ళీ పలికి, మాట తేటగా వినబడితే పొయ్యి పెంచేది. ఆమె చేతి కింద అన్నం అప్పుడప్పుడూ మెత్తబడడానికి కారణం ఇదేనని హాస్టల్ పిల్లలకు తెలియదు పాపం, వాళ్ళు నీళ్ళెక్కువయ్యాయనుకునేవారు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఉదయం తమ్ముడు అద్దం ముందు నిలబడి "అక్కా, ఇది చూడు" అన్నాడు. కింది పెదవి వాచి గడ్డం మీదికి వేలాడుతోంది. వాపంటే మనం కందిరీగ కుట్టినంత అనుకుంటాం. అది కాదు. సాయంత్రానికి రెండు కళ్ళూ మూసుకుపోయి, సొంత మనిషే గుర్తుపట్టలేనట్టు తయారయ్యాడు. దురద లేదు, దద్దురు లేదు. మూడో రోజుకు, అసలేమీ జరగనట్టు, ముఖం ముఖంలా ఉంది. నెల తిరిగేసరికి చెయ్యి వాచింది. తరువాత పాదం. ఆ తరువాత లెక్క పెట్టడం మానేశారు.

రోగం రావడం ఆలస్యం, చుట్టుపక్కల ప్రతివాడూ వైద్యుడైపోయాడు. మొదట పోయింది వంకాయ. మనలో ఏ రోగం వచ్చినా ముందు నేరం మోపేది వంకాయ మీదే కదా, అది పాపం ఏనాడూ ఎదురు చెప్పదు. తరువాత గుడ్డు, చేప, వేరుశనగ, టమాటా, పాలు. పక్కింటి రిటైర్డు గుమాస్తా సబ్బు మార్చమన్నాడు. ఎదురింటావిడ దిండు మార్చమంది. అద్దాల గదిలో పడుకునే పిల్లిని డిపో మేనేజరు తరిమేయించాడు. మైకు మీది స్పాంజీ తీసి కొత్తది వేశారు. పెద్దాసుపత్రిలో ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, సూదులు గుచ్చి, చివరికి దుమ్ముకూ బొద్దింకకూ కాస్త పడదని తేల్చారు. కొండను తవ్వి ఎలుకను పట్టారు. దుమ్మూ బొద్దింకా లేని బస్టాండు ఎక్కడైనా ఉంటే వాళ్ళే చూపించాలి.

వంటక్క ఒక నోటుబుక్కు పెట్టింది. ఎడమ వైపు అతను తిన్నవి, కుడి వైపు వాపు. పడదనుకున్నదాన్ని ఎర్ర గీతతో కొట్టేసేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఎర్ర గీతలు పెరిగాయి, వాపులు తగ్గలేదు. ఉప్పు వేసిన గంజి తాగిన రోజున కూడా చెయ్యి వాచింది. "ఇక గాలి ఒక్కటే మిగిలిందక్కా, దాన్ని కూడా కొట్టేసెయ్" అని తమ్ముడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. రెండు వందల మంది తన చేతి వంట తిని గుండ్రాళ్ళలా తిరుగుతుంటే, తోడబుట్టినవాడికి మాత్రం తన చేతి ముద్ద విషమవుతోందేమోనని ఆమె లోలోపల కుమిలిపోయేది.

ఈ తొమ్మిదేళ్ళలో వాళ్ళు చూసిన డాక్టర్లు ఏడుగురు. ఏడుగురూ ఏదో ఒక క్షణంలో కాగితం మీంచి తలెత్తి ఒకే ప్రశ్న అడిగారు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?"

తమ్ముడు నోరు తెరిచేలోపే వంటక్క చెప్పేసేది. "లేదండీ. ఇంట్లో ఎవరికీ లేదు."

తమ్ముడు తలూపేవాడు. అతనికి తెలిసింది అంతే మరి.

అతనికి తెలియనిది ఒకటుంది. వంటక్కకు పదకొండేళ్ళు, అతనికి రెండేళ్ళు ఉన్నప్పుడు తల్లి పోయింది. జ్వరంతో పోయిందని తండ్రి చెప్పేవాడు, అందరూ అదే నమ్మారు. జ్వరం కాదు. ముందు రోజు తల్లి పన్ను పీకించుకుని వచ్చింది. మర్నాడు నమలలేకపోతోందని పదకొండేళ్ళ పిల్ల రొట్టెముక్క పాలలో నానబెట్టి, మెత్తగా చేసి, తన చేత్తో తల్లి నోట్లో పెట్టింది. తల్లి మింగబోయి గొంతు పట్టుకుంది. కళ్ళు తేలేసింది. ముఖమంతా ఉబ్బిపోయింది. వీధిలో వాళ్ళు పోగయ్యేసరికి ఊపిరి పోయింది.

"పిల్ల పెట్టిన ముక్క గొంతులో పడిందట" అని ఒకావిడ అంది. "తల్లి ఉసురు తీసిందమ్మా" అని ఇంకొకావిడ అంది. ఆ మాట గుమ్మం పక్కన నిలబడిన పిల్ల విన్నది. తండ్రి కూడా విన్నాడు. నెల తిరక్కుండా ఆయన ఇల్లు మార్చేశాడు. కొత్త వీధిలోకి అడుగుపెట్టే ముందు కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మ జ్వరంతో పోయింది. ఎవరడిగినా ఇదే చెప్పు. తమ్ముడికి కూడా ఇదే" అన్నాడు. బిడ్డను కాపాడుకోవాలని ఆయన వేసిన ముసుగు అది. పాపం, ఆయనకు అంతకంటే ఏం తోచింది? ఆ పిల్ల ఆ మాటను కడుపులో పెట్టుకునే పెరిగింది. వంట నేర్చింది, వందల మందికి వండింది, కానీ అప్పటినుంచీ ఎవరి నోటికీ తన చేత్తో ముద్ద అందించలేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి, వంటక్కకు కోపం వచ్చినా సరే. తమ్ముడి పెదవి వాచిన ఆ మొదటి ఉదయమే ఆమెకు ఆ పెదవి గుర్తొచ్చింది. తల్లి కూడా కొన్ని రోజులు ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయేది. పంటినొప్పి అనేది. ఆ జ్ఞాపకం తలుపు తట్టగానే వంటక్క గడియ వేసుకుంది. దాని వెనకాలే రొట్టెముక్క వస్తుందని ఆమెకు తెలుసు.

మొన్న గురువారం తమ్ముడికి పన్ను నొప్పి ఎక్కువైంది. వంటక్కే తీసుకెళ్ళి పీకించింది. శుక్రవారం ఉదయం, పుండు తగలకుండా ఉంటుందని, గోరువెచ్చని గంజి ఇచ్చి డ్యూటీకి పంపింది. నోటుబుక్కులో 'గంజి' అని రాసింది.

పదకొండు గంటలకు ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తోంది. కిటికీలోంచి తమ్ముడి మాట వచ్చింది. "ప్రయాణికులకు మనవి." మందంగా ఉంది. ఆమె చెయ్యి ఆగింది. "నాలుగో ప్లాట్‌ఫారం మీద..." అక్కడ ఆగిపోయింది. అతని ముందున్న మైకు మాత్రం ఆగలేదు. అందులోంచి ఊపిరి ఒకటి, ఈల వేసినట్టు, బస్టాండంతా వినబడింది. ఆ చప్పుడు వంటక్క అంతకుముందు జీవితంలో ఒక్కసారే విన్నది, తల్లి దగ్గర.

పొయ్యి ఆర్పిందో లేదో ఆమెకు గుర్తు లేదు. చెప్పులు లేకుండా బస్సుల మధ్యలోంచి పరిగెత్తింది. అద్దాల గదిలో తమ్ముడు బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు, నాలుక నోరంతా నిండిపోయింది. ఇద్దరు కండక్టర్లు అతన్ని మోసుకుని పక్క వీధి ఆసుపత్రికి చేర్చారు. ఎలర్జీకి ఇచ్చే ఇంజెక్షన్లన్నీ ఇచ్చారు. గోడకు గుచ్చినట్టే అయింది. చివరికి క్షణాలు లెక్కపెట్టుకుంటూ గొంతు కింద కోసి గొట్టం పెట్టారు. ప్రాణం నిలిచింది.

సాయంత్రం ఒక చిన్న వయసు డాక్టరమ్మ వంటక్కను గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. టీ తెప్పించింది. నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేసింది. తరువాత అడిగింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అమ్మా?"

"లేదండీ. ఇంట్లో ఎవరికీ..."

మాట అలవాటుగా సగం వరకు వచ్చి అక్కడే నిలిచిపోయింది. ఆమె చెవుల్లో ఆ ఈల ఊపిరి ఇంకా ఉంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నలభై ఒక్కేళ్ళ తరువాత మొదటిసారి చెప్పింది.

"మా అమ్మను నేనే చంపానండీ."

డాక్టరమ్మ కంగారు పడలేదు. మెల్లగా అడుగుతూ పోయింది. తువ్వాలు, పంటినొప్పి, రొట్టెముక్క, వీధివాళ్ళ మాట, అన్నీ వచ్చాయి. "నమలలేకపోతోందన్నారు, ఎందుకు?" అని అడిగింది.

"ముందు రోజు పన్ను పీకారండీ."

రాస్తున్న పెన్ను ఆగింది. అది ఆగడం చూశాక వంటక్కకు కూడా తన నోట్లోంచి ఏం వచ్చిందో అర్థమైంది. నిన్న తమ్ముడు. అప్పుడు అమ్మ.

"అమ్మా, నా మాట వినండి" అంది డాక్టరమ్మ. "ఇది తిండి వల్ల వచ్చేది కాదు. అసలు ఎలర్జీయే కాదనుకుంటాను. రక్తంలో ఉండాల్సింది ఒకటి కొందరికి పుట్టుకతోనే తక్కువ ఉంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. దెబ్బ తగిలినా, పన్ను పీకినా, మనసు బాగోలేకపోయినా వాపు వస్తుంది. మీరు ఆ ముక్క పెట్టకపోయినా ఆవిడ గొంతు మూసుకుపోయేది. మీరు ఎవర్నీ చంపలేదు."

మోస్తున్న బరువు దించమని చెబుతున్నారని వంటక్కకు తెలుస్తూనే ఉంది. కానీ అది దించుతుండగానే ఇంకోటి వచ్చి భుజం మీద కూర్చుంది.

"అయితే ఈ మాట మొదటి డాక్టరుకే చెప్పి ఉంటే?" అని అడిగింది.

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "దీనికి వేరే మందులున్నాయి. పన్ను పీకేముందే ఇచ్చి ఉండేవాళ్ళం" అంది. "అప్పటి ఆ పిల్లను అలా అన్నవాళ్ళది తప్పు, మీది కాదు" అని కూడా అంది. వంటక్క ఆ రెండో మాట వినలేదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికానని ఒకటే అనుకుంటోంది. తొమ్మిదేళ్ళు వంకాయను, గుడ్డును, పిల్లిని వెతికింది. వెతకాల్సింది తన దగ్గరే ఉంది.

వారం తరువాత రక్తపరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరమ్మ అనుకున్నదే. మందు మొదలైంది. అతను బతుకుతాడు, ఇక ఏదైనా తినవచ్చు. మాట కూడా వస్తుంది, కానీ ఆ తొందరలో పడ్డ కోత స్వరపేటికకు తగిలింది కనుక పాత గొంతు మళ్ళీ రాకపోవచ్చని చెప్పారు.

ఆ మధ్యాహ్నమే వంటక్క తమ్ముడి మంచం పక్కన స్టూలు వేసుకుని అంతా చెప్పింది. ఏదీ దాచలేదు, ఆ మొదటి ఉదయం తనకు గుర్తొచ్చిన సంగతితో సహా. అతను ఆమె వైపే చూస్తూ విన్నాడు. మెడలో గొట్టం, మాట లేదు. వినడం అయ్యాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు కూడా తిరగలేదు. ఆమె ఏమీ అడగలేదు. అడిగే ముఖం ఎక్కడుంది? వచ్చి, దుప్పటి సర్ది, కూర్చుని, వెళ్ళిపోయేది. హాస్టల్లో కిటికీ మూసేసింది, బస్టాండులో ఇప్పుడు వేరెవరో పలుకుతున్నారు.

మూడో రోజు అతను ఇటు తిరిగి, రాయడానికి ఏదైనా ఇమ్మని చేత్తో సైగ చేశాడు. ఆమె సంచిలో ఆ నోటుబుక్కు తప్ప ఏమీ లేదు. అతను ఎర్ర గీతల పేజీలన్నీ దాటించి, చివరి అట్ట లోపల రాసి, ఆమె వైపు తిప్పాడు.

'అమ్మ గొంతు ఎలా ఉండేది?'

తాను దాచింది ఒక్క చావునే అని వంటక్క ఇన్నాళ్ళూ అనుకుంది. ఎక్కడ మొదలుపెట్టినా కథ రొట్టెముక్క దగ్గరికే వస్తుందన్న భయంతో అమ్మ నవ్వును, కోపాన్ని, పిలుపును, అన్నిటినీ మూటగట్టి అటకెక్కించింది. వీడు నలభై మూడేళ్ళ మనిషి, వీడికి తల్లి గురించి జ్వరం తప్ప ఏమీ తెలియదు.

"గట్టిగా ఉండేదిరా" అంది. "వీధి ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరికి వినబడేది. పక్కవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. అచ్చం నీలాగే."

అతను చెయ్యి ఊపాడు. అలా కాదు, పిలిచి చూపించు అని.

వంటక్క వార్డు చుట్టూ చూసింది. పన్నెండు మంచాలు, మందిచ్చే వేళ. లేచి నిలబడి, గొంతు సవరించుకుంది. తరువాత, ఆటల్లో పడి ఇంటికి రాని రెండేళ్ళవాడిని గుమ్మంలోంచి కేకేసినట్టు, బలమంతా పెట్టి పిలిచింది.

"చిన్నోడా! ఒరేయ్ చిన్నోడా! ఎక్కడున్నావురా, రా నాన్నా, తిందువుగాని!"

వార్డంతా తిరిగి చూసింది. మందులు తెస్తున్న నర్సు తలుపు దగ్గరే ఆగిపోయింది. తమ్ముడు నోరు పెద్దగా తెరిచి ఏడ్చాడు. మెడలో గొట్టం ఉంది కనుక చప్పుడు రాలేదు. వంటక్క అతని తల రెండు చేతులతో పట్టుకుని, మళ్ళీ పిలిచింది.