అక్కోరు దాచిన అగ్గిపెట్టెల బస్సు

మైదాపిండి నీళ్ళలో ఉడుకుతూ గిన్నె అడుగున కొద్దిగా మాడినప్పుడు ఒక వాసన వస్తుంది. మొన్న మస్కిలో మా ఇంట్లో, బడికి కాగితపు ఇల్లు చేసుకుపోవాలని మా అమ్మాయి పట్టుబట్టింది. అంగడికి పోయి జిగురు సీసా తెచ్చే తీరిక లేక పొయ్యి మీద మైదా కలిపాను. ఆ వాసన ముక్కుకు తగలగానే చేతిలో గరిటె ఆగిపోయింది. సుశీల అక్కోరు గుర్తొచ్చారు.

పంతులమ్మను మా వైపు కన్నడంలో అక్కోరు అంటారు. నేను పుట్టి పెరిగింది రాయచూరుకు తూర్పున, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న ఊరు. బడిలో చదువు కన్నడం, ఇళ్ళలో మాట తెలుగు. అక్కోరుకు రెండూ సమంగా వచ్చు. రాయచూరు బజారులో బట్టల కొట్టున్న ఇంట్లో పుట్టిన మనిషి. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే అన్నగారింట్లో ఒక గదిలో ఉంటూ, రోజూ బస్సులో మా ఊరికి వచ్చి పాఠాలు చెప్పేవారు. మెత్తని మనిషి అని చెప్పలేను. ఎక్కాలు తప్పితే చెవి మెలిపెట్టేవారు. శనివారం ఒంటిపూట బడిలో మాత్రం ఆమె వేరే మనిషి. వరండాలో రాళ్ళ పొయ్యి పెట్టి మైదా ఉడికించి, పాత కాగితాలు, ఖాళీ అగ్గిపెట్టెలు, జొన్న దంట్ల బెండ్లు మా ముందు కుప్పపోసి, “ఏమన్న చేసుకోన్రి, నన్ను అడగకున్రి” అనేవారు.

మేము చేసినవాటిని ఆమె దాచేవారు. అన్న కొట్టులో ఖాళీ అయిన చీరల అట్టపెట్టెలు తెచ్చి, అడుగున వేపాకు పరిచి, అందులో సర్దేవారు. అయితే చేసినవాళ్ళను అడగకుండా ఏదీ పెట్టెలోకి పోయేది కాదు.

మట్టెడ్ల అమావాస్యకు మా వైపు పిల్లలంతా నల్లమట్టితో ఎద్దులు చేస్తారు. ఒక ఏడు నేను చేసిన ఎద్దుకు ఆరకముందే కాలు విరిగింది. తరగతి అంతా నవ్వింది. నేను దాన్ని కిటికీలోంచి విసిరేయబోతుంటే అక్కోరు చేయి చాపి తీసుకుని, నా పక్కన నేల మీద కూర్చున్నారు.

“ఎవరిదే ఈ ఎద్దు?”

“మా తాతది. ముసలిదైంది. ఇప్పుడు దున్నదు.”

“మరి ఏం జేస్తది దినమంత?”

“తాత పక్కన పండుకుంటది.”

ఆమె నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. కాసేపు దాన్ని తిప్పి చూసి, “దాపెట్టాల్నా, మట్టిల కలిపేద్దమా?” అన్నారు. దాచమన్నాను. అంతవరకూ పెద్దవాళ్ళెవరూ నన్ను ఒక మాట అడిగి, ఆ ప్రకారం నడుచుకున్నట్టు నాకు గుర్తు లేదు. ఆ రోజంతా ఎవరు నవ్వినా నాకు పట్టలేదు.

తర్వాత కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు గారు ఆ పెట్టెలున్న మూల బియ్యం బస్తాలకు కావాలన్నారు. చెడ్డవారేమీ కాదు, బడికి ఉన్నదే కొద్ది చోటు. “ఈ చెత్తంతా దేనికమ్మా, కాల్పించండి” అన్నారు. అక్కోరు వాదించలేదు. సాయంత్రం పెట్టెలను తాళ్ళతో కట్టి, మా చేత మోయించుకుని బస్సు ఆగే చోటికి వచ్చారు. కండక్టరు వాటిని బస్సు పైకి ఎత్తించబోయాడు.

“గింత భద్రంగ కట్టిన్రు, ఏముంది అక్కోరె ఇందుల?”

“మా బడి పిల్లలున్నరప్పా. పైన ఎయ్యకు. జర లోపల పెట్టు.”

కండక్టరు ఆమె మొహంలోకి చూసి, తన సీటు పక్కనే పెట్టించాడు. ఇంట్లో మాత్రం వదినగారు సణిగారట. మంచం కిందా, మంచం మీదా పెట్టెలే అయ్యేసరికి అక్కోరు చాప మీద పడుకునేవారని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఆ పెట్టెల్లో నర్సింలు బస్సు కూడా ఉంది. నర్సింలు తరగతిలో నా పక్కన కూర్చునేవాడు. వాళ్ళ నాయన తిమ్మప్ప రాళ్ళు కొట్టే కూలి. వానలు పడని ఏడు వాళ్ళ ఇంటిల్లిపాదీ బెంగుళూరు పోయి, ఇళ్ళు కట్టే చోట పనిచేసి, విత్తనాల వేళకు తిరిగి వచ్చేవారు. అట్లా బయలుదేరే ముందటి శనివారం వాడు అగ్గిపెట్టెలు అంటించి బస్సు చేశాడు. సోడా మూతలు చక్రాలు. బెండు ముక్కలతో మనుషుల్ని చేసి కిటికీల దగ్గర కూర్చోబెట్టి, బొగ్గుతో కళ్ళు పెట్టాడు. “దాపెట్టున్రి అక్కోరె. ఇంక కొందరు ఎక్కేదుంది. నేనొచ్చినంక ఎక్కిస్త” అన్నాడు.

వాడు తిరిగి రాలేదు. అక్కడే జ్వరం తగిలి, ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. అక్కడే మట్టి చేసి వచ్చారు. మా ఊళ్ళో అప్పట్లో ఫొటో అంటే పెళ్ళికే. ఊరికి వచ్చిన తిమ్మప్ప దగ్గర కొడుకు గుర్తు అంటూ ఒక్కటీ లేదు. ఒకనాడు పొద్దున బడి గుమ్మం బయట నిలబడ్డాడు.

“అక్కోరె, మా పిలగాడు రాసింది గాని, గీసింది గాని, ఏమన్న ఉన్నదా మీ తాన?”

“ఉంది తిమ్మప్పా. రేపు రా.”

మర్నాడు అక్కోరు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగారు. తిమ్మప్ప తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. నర్సింలు పక్కన కూర్చునేదాన్ని కాబట్టి నన్నూ పిలిచారు. అతను చాలాసేపు బస్సును ముట్టుకోలేదు. చేతులు పంచెకు తుడుచుకుంటూ ఒక్కో కిటికీలోకీ వంగి చూశాడు.

“ఇందుల నేనున్ననా?”

అక్కోరు నా వైపు చూశారు. అది ఆమెకు తెలియదు. వాడు నాతో చెప్పాడు.

“ముందల కూసున్నది నువ్వే మామా. నువ్వే నడిపేది. ఎనక అత్త, కిటికీ కాడ వాడు. ‘మా నాయన నడిపితె బస్సు మా ఇంటి ముందటికే వస్తది, మూటలు మోసేది ఉండదు’ అన్నడు.”

తిమ్మప్ప పెదవులు కదిలాయి. “నాకు బస్సెక్కితెనే వాంతులైతయమ్మా. దిగేదాంక తల ఎత్త. నేను నడుపుడేంది” అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. కొడుకు పోయినప్పటి నుంచి అతని కంట నీరు రాలేదని ఊరంతా చెప్పుకునేది. అక్కోరు నన్ను నీళ్ళు తెమ్మని పంపి, అతను సర్దుకునేదాకా పక్కనే కూర్చున్నారు.

“తీస్కపోతవా?” అని అడిగారు చివరికి.

“మా గుడిసెల ఎలకలు అక్కోరె. మల్ల పనికి పోయేదే ఉంది. మీ తాన్నే ఉండనీ. నేనొచ్చి సూసుకుంట.”

ఊళ్ళో ఉన్నప్పుడల్లా అతను రాయచూరు పోయి చూసుకుని వచ్చేవాడు. సణిగిన వదినగారే అతనికి చాయ్ పెట్టి ఇస్తున్నారని అక్కోరు ఒకసారి నవ్వుతూ చెప్పారు.

ఆమె రిటైరై, మంచాన పడిన ఏడు, తన దగ్గర ఉన్నవన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు. నా మట్టి ఎద్దు కోసం నేను వెళ్ళిన రోజునే తిమ్మప్ప కూడా కూతురు లక్ష్మిని తీసుకుని వచ్చాడు. నర్సింలు పోయిన తర్వాత పుట్టిన పిల్ల, అప్పటికి కాలేజీకి వచ్చింది. అక్కోరు బస్సును ఆ అమ్మాయి చేతుల్లో పెట్టి, నన్ను చూపించారు. “నేను ఉత్తగ దాపెట్టిన బిడ్డా. మీ అన్న ముచ్చట్లు ఆమెకు ఎరుక. అడుగు.”

లక్ష్మి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. వాళ్ళ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరట.

“మా అన్న ఎట్ల మాట్లాడుతుండె అక్కా?”

చెప్పాను. వాడికి ‘ర’ సరిగా పలికేది కాదని, బలపం చెవి మీద పెట్టుకుని దాని కోసమే వెతికేవాడని, చింతకాయ తెస్తే ముందు నాకు కొరకనిచ్చేవాడని. తిమ్మప్ప గుమ్మంలో కూర్చుని విన్నాడు. అక్కోరు కళ్ళు మూసుకుని ఉన్నారు కానీ నిద్రపోలేదు. నేను ఆగినప్పుడల్లా “ఊఁ, ఇంక?” అన్నారు. ఆ ఏడు దాటకుండానే ఆమె పోయారు.

నేనిప్పుడు అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. అక్కోరులా అన్నీ దాచే చోటు నాకు లేదు. కానీ పిల్లలు ఏదో గీసి పరుగున తెచ్చి చూపిస్తే, బాగుందని చెప్పి పంపేయడం నా వల్ల కాదు. వాళ్ళ పక్కన నేల మీద కూర్చుంటాను. అందులో ఎవరెవరున్నారో, ఎక్కడికి పోతున్నారో చెప్పించుకుంటాను. వాళ్ళు చెప్పి, మరిచిపోయి, ఆడుకోవడానికి పోతారు. నేను మాత్రం చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకుంటాను. వాళ్ళ గురించి ఎప్పుడు ఎవరు వచ్చి అడుగుతారో తెలియదు.