కారు లేదన్న మనిషి

ఆ మనిషి ముఖం నేనెప్పుడూ చూడలేదు. చూడాలని కోరిక కూడా లేదు. పగ పట్టడానికి గొంతు ఒక్కటి చాలు. ఇప్పటికీ బజార్లో ఎవరైనా అలా మెత్తగా, మర్యాదగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. పాపం వాళ్ళేం చేశారని మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

మాది బాపట్ల. ఎనభైల్లో రేపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది. అప్పటికి మా వైపు ఫోన్లకి నంబరు తిప్పే చక్రం లేదు. ఫోను పక్కనున్న పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే, మా బోర్డు మీద ఆ ఫోను తాలూకు చిన్న రేకు మూత టప్పున పడేది. నేను అందులో ప్లగ్గు పెట్టి "నంబరు ప్లీజ్" అనేదాన్ని. ఎవరూ నంబరు చెప్పేవారు కాదు. "అక్కా, డాక్టరమ్మగారు కావాలి", "అమ్మాయ్, మా బావ కొట్లో ఉన్నాడేమో చూడు" అనేవారు. నంబర్లన్నీ నాకు నోటికి వచ్చునని వాళ్ళ ధీమా. వచ్చు కూడా.

అంబులెన్సు కావాలంటే తెనాలి నుంచో గుంటూరు నుంచో రావాలి. అది వచ్చేదాకా ఆగే ఆపదలు కావు మాకు వచ్చేవి. పాముకాటు, పురుగుల మందు, కాన్పు, పాక అంటుకోవడం, ఏదైనా సరే ముందు మా బోర్డు మీదే పడేది. డాక్టరమ్మ ఇంట్లో లేకపోతే ఏ పెళ్ళికి వెళ్ళిందో కనుక్కుని అక్కడికి కలపాలి. టాక్సీ స్టాండులో ఫోను ఎత్తే పెద్దాయన అన్నం మధ్యలో చెయ్యి కడుక్కుని లేచేవాడు. నిజాంపట్నంలో చేపలకి ఐసు తోలే వ్యాను ఒకటుండేది. అందులో ఐసు దింపేసి గోనెపట్టా పరిచి ఎంతమందిని ఆసుపత్రికి చేర్చారో. రక్తం కావాలంటే బాపట్ల కాలేజీ హాస్టలుకి ట్రంకు కాల్ కలిపితే చాలు, పిల్లలు సైకిళ్ళేసుకుని బయల్దేరేవారు. వీళ్ళలో ఎవరికీ ఇది ఉద్యోగం కాదు. తుఫాను రోజుల్లో నేను బోర్డు వదిలి కదల్లేకపోతే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నాకు క్యారియరు పట్టుకొచ్చేవారు.

ఇన్ని చోట్లకి విడివిడిగా చెప్పాలంటే ఆలస్యం. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. నాలుగైదు లైన్లు ఒకేసారి కలిపేసి, అందరికీ ఒకే మాటు వినబడేలా చెప్పేదాన్ని. రూల్సు ఒప్పుకోవు. అయినా పని జరిగేది.

మా చెల్లెలు, అంటే పిన్ని కూతురు, అయినా ఒకే కంచంలో తిని పెరిగాం, అడవులదీవి వైపు ఒక పల్లెలో కాపురం ఉండేది. మరిది అక్కడ బడిపంతులు. తొలికాన్పుకి బాపట్ల తెచ్చుకుందామని పిన్ని మంచం, ఉయ్యాల సిద్ధం చేసుకుంటూ ఉండగానే దానికి నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. ఒక మధ్యాహ్నం ఆ ఊరి పోస్టాఫీసు లైనులో మరిది గొంతు వినిపించింది.

"వదినా, రక్తం ఆగట్లేదు. మంత్రసాని చేతులెత్తేసింది."

ఆ ఊళ్ళో కారున్నది ఒక్కరికే. రొయ్యల చెరువులు తవ్వి బాగుపడ్డ ఆసామి. కొత్తగా తెల్ల అంబాసిడరు కొన్నాడు. ఆయనింటికి కలిపి, కాన్పు కష్టమై ఒక మనిషికి ప్రాణం మీదకొచ్చింది, కారు పంపమని అడిగాను. నా చెల్లెలని చెప్పలేదు. ఎవరైతేనేం, ప్రాణం ప్రాణమే కదా అనుకున్నాను.

"కారు లేదమ్మా. పొద్దున్నే తెనాలి వెళ్ళింది" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. నేను నమ్మాను.

నిజాంపట్నం నుంచి ఐసు వ్యాను పంపించాను. ఆ గతుకుల రోడ్డు మీద అది వెళ్ళాలి, తిరిగి రావాలి. డాక్టరమ్మ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఎదురుచూసింది. వ్యాను రేపల్లె పొలిమేర చేరేసరికే మా చెల్లెలూ లేదు, బిడ్డా లేదు. ఆ కబురు కూడా నా బోర్డు మీదుగానే వచ్చింది. నా తర్వాత డ్యూటీ చెయ్యాల్సిన అమ్మాయి వచ్చేదాకా లేవడానికి లేదు. కళ్ళు తుడుచుకుంటూ "నంబరు ప్లీజ్" అంటూనే ఉన్నాను.

దాన్ని బాపట్లలో మా వాళ్ళ సమాధుల తోటలో పెట్టాం. కొన్నాళ్ళకి ఆ ఆసామి డ్రైవరు మరిది దగ్గరికి వచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చాడట.

"కారు షెడ్డులోనే ఉందండి పంతులుగారూ. నేనే తుడుస్తున్నాను. కొత్త సీటు కవర్లు వేయించారండి, తెల్లవి. రక్తం అంటుకుంటుందని పంపలేదండి."

మరిది ఆ మాట నాకు చెప్పి తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపు రాలేదు. గుడ్డ. గుడ్డముక్క మాసిపోతుందని. ఆ రోజు నుంచి నాకు ఆ మనిషిని దెబ్బ కొట్టాలన్న ఆలోచన తప్ప మరో ఆలోచన లేదు. పోలీసుల దగ్గరికి వెళ్తే ఏమంటారు? కారు ఆయనది, ఇవ్వడం ఇవ్వకపోవడం ఆయనిష్టం అంటారు. నా చేతిలో ఉన్నదల్లా ఆ బోర్డు ఒక్కటే.

మొదట్లో చిల్లర పగ తీర్చుకున్నాను. రొయ్యల ధర తెలుసుకోవడానికి ఆయన రోజూ నెల్లూరికి ట్రంకు కాల్ బుక్ చేసేవాడు. ధర పూటపూటకీ మారే వ్యాపారం అది. నా డ్యూటీలో ఆయన వంతు ఎప్పుడూ ఆఖరే. "లైన్లు ఖాళీ లేవండి" అని నేనూ ఎంతో మర్యాదగా చెప్పేదాన్ని. ఆయన అవతల పళ్ళు నూరుకుంటుంటే నాకు ఇవతల కాస్త ఊపిరాడేది. కానీ దాంతో ఆకలి తీరలేదు. ఆయనకు తనెందుకు దెబ్బ తింటున్నాడో తెలియాలి. నలుగురికీ తెలియాలి.

మరుసటి ఏడు నాట్ల కాలంలో ఆ ఊరి పోస్టుమాస్టరు ఫోను చేశాడు.

"అమ్మా, నాట్లేసే మనిషిని పాము కరిచింది. నురగ కక్కుతోంది. అయ్యగారి కారు మా ఆఫీసు ముందే ఉంది. పార్సిలు తీసుకెళ్ళడానికి డ్రైవరొచ్చాడు. అయ్యగారు చెప్పందే కదల్చనంటున్నాడు, ఉద్యోగం ఊడుతుందంట. కాస్త ఆయన్ని అడుగుతారా?"

ఒక్క క్షణంలో అంతా తట్టింది.

"డ్రైవర్ని మీ పక్కనే ఉంచండి. మీ చేతిలో రిసీవరు వాడికి కూడా వినబడేలా పట్టుకోండి" అన్నాను.

ముందు ఐసు వ్యానుని బయల్దేరమన్నాను, పగ కోసం ఇంకో ఆడమనిషిని చంపుకోను. తర్వాత డాక్టరమ్మని కలిపాను. టాక్సీ స్టాండు పెద్దాయన్ని కలిపాను. ఆ ఆసామి రొయ్యలు కొనే వ్యాపారికి వ్యాను ఉంది, ఆయన్నీ కలిపాను. ఆసామికి వియ్యంకుడు కాబోతున్న రైసుమిల్లు యజమానికి జీపు ఉంది, ఆయన్నీ కలిపాను. "పాముకాటండి, బండి కావాలి, అందరూ లైన్లో ఉండండి" అన్నాను. ఇందులో ఏ ఒక్క మాటా అబద్ధం కాదు. అందరి గొంతులూ అందాక ఆసామి ఇంటికి మోగించాను.

"అయ్యా, మీ ఊళ్ళో మనిషిని పాము కరిచిందండి. కారు పంపిస్తారా?" అని అడిగాను. కారు పోస్టాఫీసు ముందే ఉందన్న ఒక్క ముక్క మాత్రం మింగేశాను.

"కారు లేదమ్మా. పొద్దున్నే తెనాలి వెళ్ళింది."

అదే మాట. ఒక్క అక్షరం మారలేదు. ఆ మెత్తదనం కూడా మారలేదు. కొత్త అబద్ధం కల్పించే శ్రమ కూడా తీసుకోలేదు మా వాళ్ళ ప్రాణాలకి.

అప్పుడు డ్రైవరు గొంతు వినబడింది, పాపం ఏమీ తెలియకుండానే.

"అయ్యగారూ, నేనండి. పోస్టాఫీసులో ఉన్నానండి. కారు ఇక్కడే ఉందండి. తెనాలి వెళ్ళమన్నారాండి?"

ఆసామి ఊపిరి వినబడింది నాకు. తర్వాత డాక్టరమ్మ గట్టిగా అరిచింది.

"వెళ్ళమనేదేంటయ్యా! ముందు మనిషిని ఎక్కించుకుని రా. మందు తీసి పెడుతున్నాను."

"మేమంతా వింటూనే ఉన్నాం బావగారూ" అన్నాడు మిల్లు యజమాని. ఆసామి టక్కున ఫోను పెట్టేశాడు. అప్పటికే అవతల కారు స్టార్టయిన చప్పుడు.

ఆ నాట్లేసే మనిషి బతికింది. తెల్ల కవర్లు పాడయ్యాయని డ్రైవరు తర్వాత చెప్పాడు. ఎంత హాయిగా అనిపించిందో నాకు. ఇంటికి వెళ్ళి చేపల పులుసు పెట్టుకుని, చెల్లెలు పోయాక మొదటిసారి కడుపునిండా తిన్నాను.

ఆసామి ఊరుకుంటాడా? పైవాళ్ళకి ఫిర్యాదు చేశాడు. విచారణకి ఒక అధికారి వచ్చి, ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. నేను ఎవరినీ ఏమీ బతిమాలలేదు. పోస్టుమాస్టరు వచ్చి "క్రాస్ టాక్ అండి, వాన పడితే మా లైన్లన్నీ కలిసిపోతాయి" అన్నాడు. టాక్సీ స్టాండు పెద్దాయన "క్రాస్ టాకేనండి, ఒక్కోసారి మాకు బందరు మాటలు కూడా వినబడతాయి" అన్నాడు. డాక్టరమ్మ ఓపీ వదిలేసి వచ్చి మరీ చెప్పింది. రొయ్యల వ్యాపారి కూడా అదే మాట. "రేపల్లె తీగలకేదో జబ్బుంది" అని అధికారి నా వంక చూసి నవ్వి వెళ్ళిపోయాడు. ఆపదలో ఊరి కోసం నేను నిలబడినట్టే ఆ పూట ఊరు నాకోసం నిలబడింది.

ఆ తర్వాత కొద్ది రోజులకి ఆసామి ఇంటి లైను నుంచి పిలుపు వచ్చింది. ఆడగొంతు. ఆయన భార్య.

"ఆ రోజు లైన్లో ఉన్నది మీరేనాండి?"

"క్రాస్ టాక్ అండి" అన్నాను, నాకూ ఆ మాట అలవాటైపోయి.

"గొడవ పెట్టుకోవడానికి కాదమ్మా. మిల్లువాళ్ళు మా వాడి సంబంధం వద్దనుకున్నారు. మాటకి విలువ లేని ఇల్లట. అందుకే అడుగుతున్నాను. ఈయన ఇంతకుముందు కూడా ఎవరికన్నా ఇట్లా లేదని చెప్పారా?"

"చెప్పారండి. పంతులుగారి భార్యకి."

"ఆమె పోయేదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదన్నారే ఈయన!"

"నేనే అడిగానండి. అప్పటికి బతికే ఉంది."

"కారు షెడ్డులోనే ఉందమ్మా ఆ పూట. నేను చూశాను" అందావిడ. తర్వాత అడిగింది, "ఆమె మీకేమన్నా అవుతారా?"

"మా చెల్లెలండి."

ఆవిడ ఏడుస్తోంది. "మమ్మల్ని క్షమించండమ్మా" అంది.

ఇలాంటప్పుడు ఎవరైనా అనే మాట ఒకటుంది. అయ్యో, మీరేం చేశారండి, పోనీలెండి అనాలి. నిజమే, ఆవిడేమీ చెయ్యలేదు. మాట నా గొంతుదాకా వచ్చింది. అంటే ఆవిడ గుండె తేలికపడుతుంది, ఫోను దగ్గరే అంతా ముగిసిపోతుంది. ముగియకూడదు. ఆ బరువు అలాగే మోసుకుని ఆవిడ పక్కగదిలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళాలి. రోజూ ఆయనకు అన్నం వడ్డించే మనిషి ఆయన్ని ఆ కళ్ళతో చూడాలి.

"వేరే కాల్ వచ్చిందండి" అని ప్లగ్గు లాగేశాను. నిజానికి బోర్డు మీద ఏ మూతా పడలేదు.