ఆరు లీటర్ల పని

మోటారు సైకిలు లీటరుకు ఎంత ఇస్తుందన్నది పట్టించుకోవలసిన విషయమా కాదా అనే ప్రశ్న మీద మా టాల్‌సెలేలో పదకొండేళ్లుగా రెండు పక్షాలున్నాయి. మొదటి పక్షం ఊరంతా. రెండో పక్షం ఎవర్ట్ స్టెన్వాల్.

ఎవర్ట్ ముప్ఫై ఒక్క ఏళ్లు అడవి దారుల్లో ఉత్తరాలు పంచి రిటైరైన బ్రహ్మచారి. ఊరికి మూడు మిల్‌ల దూరంలో, సరస్సు ఒడ్డున ఒక్కడే ఉంటాడు. మా మిల్ అంటే పది కిలోమీటర్లు. అంతకన్నా తక్కువైతే ఇక్కడ ఎవరూ దాన్ని దూరమనరు. అతని సైడ్‌కార్ బండి మిల్‌కు ఒక లీటరు తాగుతుంది. గున్‌వోర్ పెట్రోలు బంకుకు రావడానికి మూడు లీటర్లు, తిరిగి పోవడానికి మూడు. అంటే ఆ మహానుభావుడు రెండ్రోజులకోసారి పెట్రోలు కొనడానికి వచ్చేది, పెట్రోలు కొనడానికి రాకపోకల్లో అయిపోయిన పెట్రోలు కొనడానికే.

"అది బండి కాదురా, గొంతుకకు చక్రాలు తగిలించారు," అనేవాడు అతని బావ హిల్డింగ్. ఈయన రిటైరైన లెక్కల మాస్టారు. ఈయన బండి అదే దూరానికి మూడో వంతు తాగుతుంది. ఆ విషయం అడగని వాళ్లకు కూడా తెలుసు.

"దాహం వేస్తోందంటే బతికున్నట్టేగా," అనేవాడు ఎవర్ట్.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మా వైపు పని లేకుండా ఎవరూ ఎవరి గడపా తొక్కరు. ఇది చట్టం కాదు. చట్టమైతే ఎవరో ఒకరు అతిక్రమించి ఉండేవారు. పని ఉంటే లోపలికి రావచ్చు, వస్తే కూర్చోవచ్చు, కూర్చుంటే కాఫీ తాగవచ్చు. పని ఎంతో, కూర్చోవడమూ అంతే. గున్‌వోర్ దగ్గర ఆరు లీటర్లకు రెండు కప్పుల కాఫీ, అందులో నానేసుకునే జున్ను ముక్కలు, ముప్పావు గంట. చలికాలంలో స్నో స్కూటర్ ఉండనే ఉంది. దాని దాహాన్ని ఎవరూ తప్పుపట్టరు, అది జాతి లక్షణం.

గున్‌వోర్ భర్త పోయి పన్నెండేళ్లు. ఎవర్ట్ బండికి దాహం మొదలై పదకొండు. ఈ రెండంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలని లెక్కల మాస్టారికి తట్టలేదు.

తట్టకపోవడం వల్లే ఆ జూన్‌లో, తన ఇంట్లో పండగ భోజనానికి వచ్చిన ఎవర్ట్ ఉప్పుచేప, కొత్త బంగాళాదుంపలు తిని కునుకు తీస్తుండగా, హిల్డింగ్ స్క్రూడ్రైవరు పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. కార్బురేటర్ మీద ఒక్క స్క్రూను రెండు చుట్లు తిప్పాడు. ఉపకారం గుప్తంగా చేయాలని పెద్దలన్నారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

సోమవారం ఎవర్ట్ బంకుకొచ్చాడు. మూడు లీటర్లు పట్టగానే ట్యాంకు పొంగింది.

"ఇంతేనా?" అంది గున్‌వోర్. "బండికి ఒంట్లో బాగాలేదా?"

"ఏమో, ఆకలి మందగించినట్టుంది," అన్నాడు ఎవర్ట్, మొహం పాలిపోయి. "మూడేనంటావా?"

దానికి గున్‌వోర్ పెదాలు సున్నాలా చుట్టి సర్రున గాలి లోపలికి పీల్చింది. మా వైపు అవుననడం అంటే అదే. కొత్తవాళ్లు కంగారుపడి మంచినీళ్లు తెచ్చిస్తారు.

మూడు లీటర్లకు ఒక కప్పే. ఎవర్ట్ పావుగంటకే లేచి వెళ్లిపోయాడు.

బుధవారం పొద్దున అతనికి సంకటం ఎదురైంది. ట్యాంకు దాదాపు నిండుగా ఉంది. పని లేదు. పోనీ ఉందని చెబుదామా అంటే, ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరి ఉత్తరాలు మోసి ఒక్కటైనా విప్పి చూడని మనిషి. అబద్ధం చేతకాదు. అందుకని నిజాయితీగా పని సృష్టించుకోవాలని సరస్సు చుట్టూ ఉన్న ఆరు మిల్‌ల దారిని మూడుసార్లు చుట్టాడు. మిగిలిన పెట్రోలు బంకు దాకా సరిగ్గా సరిపోవాలి. సరిపోయేదే, దారిలో రెయిన్‌డీర్ మంద అడ్డంగా నిలబడి ఇరవై నిమిషాలు అతని వంక చూడకపోతే. కిక్కు కొట్టి మళ్లీ స్టార్ట్ చేయడం కష్టమని అతను ఇంజను ఆపలేదు.

నేనూ హిల్డింగూ బంకు బెంచీ మీద కూర్చుని బన్నులు తింటూ ఉండగా ఎవర్ట్ వచ్చాడు. రెండు కిలోమీటర్లు బండిని తోసుకుంటూ, చెమటతో తడిసి.

"ఎంత దూరం తిరిగావు?" అంది గున్‌వోర్ బయటికొచ్చి.

"పద్దెనిమిది మిల్. ఆపైన ఇక్కడికి."

"ఏం పని మీద?"

"పనేం లేదు."

"చూశారా!" అన్నాడు హిల్డింగ్. "మైలేజీ వస్తే మనిషికి నాలుగు చోట్లకు పోవాలనిపిస్తుంది! రెండు చుట్లు, ఒకే ఒక్క స్క్రూ. నేనే తిప్పాను!"

"నువ్వు బన్ను తిను, హిల్డింగ్," అంది గున్‌వోర్. బండి పక్కన గొంతుక్కూర్చుని కార్బురేటర్ వంక చూసింది. "రెండున్నర తిప్పితే ఇంకా బాగుండేది. మా నాన్న మెకానిక్కు. వెనక నల్లటి పొగ చూసి, ఏ స్క్రూనో పదకొండేళ్ల కిందటే తెలుసు నాకు."

ఎవర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "తెలిస్తే చెప్పలేదేం?"

"చెబితే బాగైపోయేదిగా."

హిల్డింగ్ బన్ను నమలడం ఆపేశాడు. రెండంకెలూ అప్పుడు పక్కపక్కకు చేరాయనుకుంటాను.

ఎవర్ట్ ట్యాంకు మూత తీసి పంపు గొట్టం అందుకున్నాడు. తర్వాత, "ఇక ఇది వారానికోసారే తాగుతుంది," అన్నాడు. "మధ్యలో... పెట్రోలు అక్కర్లేకుండా రావచ్చా?"

మా ఊళ్లో ఒక మనిషి మరో మనిషిని ఇంత బాహాటమైన ప్రశ్న అడగడం నేను వినలేదు.

గున్‌వోర్ పెదాలు సున్నాలా చుట్టి సర్రున గాలి పీల్చింది. అంత గట్టిగా పీల్చగా నేనెప్పుడూ చూడలేదు. అవతలి పంపు దగ్గర కారుకు పెట్రోలు పట్టుకుంటున్న జర్మన్ టూరిస్టు పరుగున వచ్చి మంచినీళ్ల సీసా అందించాడు.

గురువారం ఎవర్ట్ వచ్చాడు. అలవాటు కొద్దీ బండిని పంపు దగ్గరే ఆపి, మూత తీసి, దాదాపు నిండుగా ఉన్న ట్యాంకులోకి ఒకసారి తొంగిచూసి, మూత బిగించి లోపలికెళ్లాడు. ఎంతసేపు కూర్చున్నాడో నేను చెప్పలేను. లీటర్లు లేకపోయాక కొలవడం ఎలా?