పెద్దమ్మ ఇచ్చిన పచ్చడి సీసా

ఆ రోజుల్లో నాకు మనుషుల మీదకంటే క్రిముల మీద గౌరవం ఎక్కువ. వనపర్తి కాలేజీలో ఎమ్మెస్సీ చివరి ఏడాది. నా ప్రాజెక్టు బ్యాక్టీరియా ఒంటిమీద మొలిచే వెంట్రుకల గురించి. వాటితోనే అవి మన మూత్రనాళం గోడను పట్టుకుంటాయి. ఆ వెంట్రుకల జన్యువుల ముందు ఒక చిన్న ముక్క ఉంటుంది. అది ఒకవైపు తిరిగితే వెంట్రుకలు మొలుస్తాయి, రెండోవైపు తిరిగితే మొలవవు. ఈ సంగతి గద్వాల బస్సులో పక్క సీటువాళ్లకు కూడా చెప్పేవాణ్ణి (వాళ్లు అడగకపోయినా). చిక్కల్లా మా ల్యాబులోని బ్యాక్టీరియాతోనే. ఏళ్ల తరబడి గాజు పళ్లేల్లో పెరిగి సోమరులైపోయాయి. ఈస్టు కలిపిన నీళ్లలో వేస్తే, వెంట్రుకలున్నవి ఈస్టును పట్టుకుని విరిగిన పాలలా గడ్డలు కట్టాలి. నావి కదలక మెదలక తెల్లగా ఉండిపోయేవి. పరీక్షకు పదిరోజులే ఉన్నాయి. మా సారు చూసి, "ఇవి ముసలివైనయ్‌రా. మూత్రంల మంటున్న మనిషి కాడ తాజావి దొరుకుతే తే. లేకుంటే వచ్చే ఏడు మళ్ల రా" అన్నాడు.

అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచిన పెద్దమ్మ గద్వాలలో మగ్గం నేసేది. మా చీరలకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. పట్టుపోగులను నూలుపోగులకు ఒక్కొక్కటిగా అతికే రోజున ఆమె మగ్గం గుంటలోంచి లేచేది కాదు. లేవాల్సి వస్తుందని నీళ్లు తాగేది కాదు. సాయంత్రానికి మంట, వణుకు.

"పెద్దమ్మా, జర నీ మూత్రం కావాలె."

"ఏందిరా, సదువు గీడిదాంక వచ్చిందా?" అంది పోగుల మీంచి చూపు తిప్పకుండా.

"లేకుంటే పరీక్ష తప్పుత."

"నువ్వు తప్పుతుంటే నేను చూస్తుంటనా? సీసా తే."

మామిడికాయ పచ్చడి సీసా కడిగి, ఉడకబెట్టి ఇచ్చాను (సరైన సీసా తేవడం మరిచిన సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థి మరి). దాన్ని తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్కనున్న పెద్దాయన ఆశగా చూసి, "పచ్చడా బిడ్డా?" అన్నాడు. "ఇంటి సరుకు" అన్నాను.

పెద్దమ్మ క్రిములను మూడురోజులు కదపకుండా పెంచి ఈస్టులో వేస్తే నిమిషంలో గడ్డలు కట్టాయి. పరీక్షకు వచ్చినాయన రెండుసార్లు చేయించుకుని చూసి మెచ్చుకున్నాడు. ఆ శనివారమే ఇంటికి పరుగెత్తాను.

"నీవి ఎంత గట్టియో తెలుసా పెద్దమ్మా? పట్టుకుంటే ఇడుస్తలెవ్వు!"

"నేతోల్ల ఇంట్ల పుట్టినయి గద. అతుకు ఊడితే మన పేరు పోదూ?" అంది. పిల్లగాడు తన పుణ్యాన పాసయిండని వాడంతా చెప్పుకుంది. తర్వాత, కొంచెం గొంతు తగ్గించి అడిగింది: "మరి అవి ఇడవాల్నంటే ఏం జెయ్యాలెరా?"

నేను సుద్దముక్క తీసుకుని గోడమీద ఆ జన్యువు ముక్క బొమ్మ వేశాను. అది ఎప్పుడు ఎటు తిరుగుతుందో అరగంట చెప్పాను. ఆమె తలూపుతూ విన్నది. అంత పెద్ద సమాధానంలో 'దవాఖానకు పోదాం పా' అనే మూడు మాటలు లేవు.

ఆమె తర్వాత కూడా జ్వరాలను దాచుకుంటూ నేసింది. క్రిములు మూత్రపిండాలకెక్కాయి. పోయిన వానాకాలం ఆమె పోయింది. అంతకు వారం ముందు డాక్టరు, "ఎన్నేండ్ల సంది ఉందిది?" అని అడిగాడు. నాకు తేదీతో సహా తెలుసు. నా ప్రాజెక్టు మొదటి పేజీలోనే ఉంది.

ఇప్పుడు అదే కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. ఫ్రీజరులో 'పె-1' అని రాసిన చిన్న గొట్టం ఉంది. ఏటా బయటికి తీసి పెంచుతాం, ఏటా గడ్డలు కడుతుంది. మొన్న ఒకమ్మాయి, "పె అంటే ఏంది సార్?" అంది. "పెద్దమ్మ" అన్నాను. హాస్యమాడాననుకుని క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఒళ్లో సీసాతో, గెలిచినవాడిలా బస్సులో కూర్చున్న ఆ తెలివైనవాడు గుర్తొచ్చాడు. ఇంటి సరుకు అన్నాడు. అదొక్కటీ సరిగ్గానే చెప్పాడు.