చర్చి బయట కారులో సుగుణ ఆంటీ

ఈ రోజు హాలిఫాక్స్‌లో మా తెలుగు చర్చికి ఆలస్యంగా వెళ్లాను. పార్కింగ్‌లో సుగుణ ఆంటీ ఒక్కరే కారులో కూర్చుని, లోపలి ప్రసంగాన్ని ఫోన్‌లో వింటున్నారు. పలకరిద్దామని దగ్గరికి వెళ్తే స్కార్ఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

“ఏమీ అనుకోకమ్మా, నీ సెంటు నాకు పడదు” అన్నారు.

నాకు సిగ్గేసి నాలుగడుగులు వెనక్కి వేశాను. ఆంటీ ఏళ్ల తరబడి ఆఫీసుల్లో క్లీనింగ్ పని చేశారట. అక్కడ వాడే క్లీనింగ్ మందుల ఘాటు పీల్చీ పీల్చీ, ఇప్పుడు ఏ ఘాటు వాసన తగిలినా ఊపిరి ఆడదట. ఇంట్లో బట్టల సబ్బు కూడా వాసన లేనిదే వాడతారట.

“మరి పాస్టర్ గారికి చెప్పొచ్చుగా ఆంటీ?”

“ఇదివరకు పదిమందిమే ఉండేవాళ్లం, ఎలాగో సర్దుకున్నాను. ఇప్పుడు హాలు నిండా మీలాంటి స్టూడెంట్లే. ఉన్న ఒక్క సెలవు రోజు ముచ్చటగా తయారై వస్తారు. నా ఒక్కదాని కోసం మానేయమని ఎలా అడగనమ్మా?”

ఆవిడను ఒప్పించి, ప్రసంగం అయ్యాక పాస్టర్ గారిని నేనే అడిగాను. వచ్చే వారం నుంచి ఎవరూ సెంటు పూసుకుని రావద్దని పాస్టర్ గారు చివర్లో ప్రకటించారు. ఒకరిద్దరు గొణిగారు కానీ, ఎక్కువమంది తలూపారు. బయటికొచ్చి సంగతి చెబితే ఆంటీ నా చెయ్యి పట్టుకోబోయి, వాసన గుర్తొచ్చి ఆగిపోయారు.

నా సెంటు సీసా రూమ్మేట్‌కి ఇచ్చేద్దామనుకున్నాను. కానీ తనూ మా చర్చికే వస్తుంది. ఏం చేయమంటారు?