బూట్లిచ్చిన కెప్టెన్ తర్వాత

ఏఎస్ రావు నగర్ క్లినిక్‌లో బిల్లుల పని ముగించుకుని, ఉప్పల్ దాకా షేర్ ఆటోలో ఒళ్లు హూనం చేసుకుని ఇంటికి చేరాక నేను చేసే మొదటి పని, చిన్న గిన్నెలో నువ్వుల నూనె పోసి, రెండు కర్పూరం బిళ్లలు వేసి వెచ్చబెట్టుకోవడం. యాభై దాటిన మోకాళ్లు ఆ నూనె లేకపోతే మాట వినడం మానేశాయి. ఆ వాసన లేవగానే మా అమ్మాయి ముక్కు మూసుకుని గది తలుపు వేసుకుంటుంది. నేను మాత్రం గిన్నె ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటాను. అది నాచారం ఎల్లయ్య మామ మోకాళ్ల వాసన. దాని వెనకాలే రేకుల మీద వాన చప్పుడు, నిప్పుల మీద కాలిన మక్క కంకి, తడిసిన సైకిల్ సీట్ల ముతక వాసన, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తాయి.

ఇప్పుడు ఉప్పల్ అంటే క్రికెట్. మ్యాచ్ ఉన్న రోజున మెట్రో మెట్ల మీద నీలం చొక్కాల తోపులాటలో నా మోకాళ్ల గతి దేవుడికే ఎరుక. వాళ్లను తప్పు పట్టను, వాళ్ల సరదా వాళ్లది. కానీ ఈ చుట్టుపక్కల పిల్లలు ఒకప్పుడు దేశపు ఫుట్‌బాల్ కెప్టెన్లను మొదటివాడి నుంచి వరస తప్పకుండా అప్పజెప్పేవారని చెబితే నన్ను ఎగాదిగా చూస్తారు. చెప్పే ఓపిక కూడా నాకు లేదు.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. మాకు ఎదురింట్లో ఉండే ఎల్లయ్య మామ అదే ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాడు. జనగామ పక్క పల్లె ఆయనది. మాకు చుట్టమేమీ కాదు, వాడలో పిల్లలందరికీ ఆయన మామే. అసలు ఆయన్ను పనిలోకి తీసుకున్నది మిషన్ కోసం కాదు, ఆట కోసం. ఆ రోజుల్లో ఫ్యాక్టరీకి సొంత ఫుట్‌బాల్ జట్టు ఉండేది, మామ అందులో ఎడమ పక్క హాఫ్‌బ్యాక్‌గా ఆడేవాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆయన ఆట అయిపోయింది. మోకాళ్లు మాత్రం మిగిలాయి.

ఫ్యాక్టరీ గోడ వెనక ఎర్రమట్టి గ్రౌండ్ ఉండేది. ఎండాకాలంలో అక్కడ పరిగెత్తితే లేచిన దుమ్ము మా అమ్మ ఆరేసిన చీరల మీద దాకా వచ్చేది, ఆవిడ పెరట్లోంచే మా పేర్లన్నీ వరసగా పిలిచి తిట్టేది. చలికాలం పొద్దున మంచులో బంతి రాయిలా గట్టిపడి కాలి వేళ్లు జివ్వుమనేవి. ఆడపిల్లల్లో నేనొక్కదాన్నే ఆడేదాన్ని. నన్ను గోల్లో నిలబెట్టాలన్నది మామ తీర్పు. మిగతా పోరగాళ్లు వద్దంటే, "పోరి ఉరుక్కుంట మాట్లాడదు, నిలవడి సూస్తది. గసొంటోళ్లే గోల్‌కి కావాలె" అన్నాడు. గోల్ అంటే రెండు ఇటుకలే, వాటి మధ్య చోటు నాకు మా ఇంటికన్నా ఎక్కువగా ఉండేది.

అసలు సంబరం వానాకాలంలో. మృగశిర కార్తె నాడు వాడంతా చేపల పులుసు వాసనతో మొదలై, తొలి ఏకాదశికి పేలపిండి, ఆ వెంటనే బోనాల డప్పులు, తర్వాత ఎడతెగని ముసురు, చివరికి తంగేడు పూలతో బతుకమ్మ వచ్చే దాకా, వాన పడిన ప్రతి సాయంత్రం మేమంతా పరుగున వెళ్లి ఫ్యాక్టరీ సైకిల్ స్టాండు రేకుల కింద దూరేవాళ్లం. ఓ మూల ఒక ముసలమ్మ నిప్పుల మీద మక్క కంకులు కాల్చి అమ్మేది. షిఫ్టు దిగిన ఎల్లయ్య మామ అప్పటికే అక్కడ సిమెంటు గట్టు మీద కూర్చుని, పంట్లాం పైకి మడిచి, సీసాలోంచి కర్పూరం నూనె తీసి మోకాళ్లకు పట్టిస్తుండేవాడు. వానకొక కెప్టెన్. అది ఆయన పెట్టిన పద్ధతి. ఎవరూ అడగాల్సిన పని లేదు, రేకుల మీద చప్పుడు గట్టిపడగానే మొదలుపెట్టేవాడు.

కెప్టెన్ల పేర్లు చెప్పేవాడు కాదు. అడిగితే, "పేర్లు మీకెందుకురా, పరీక్షల అడుగుతరా?" అనేవాడు. అందుకని మాకు వాళ్లంతా వట్టికాళ్ల కెప్టెన్, నవ్వని కెప్టెన్, పాన్ కెప్టెన్, దస్తీ కెప్టెన్. వట్టికాళ్ల కెప్టెన్ గడ్డ కట్టే చలిలో, పరాయి దేశంలో, బూట్లు లేకుండా జట్టును నడిపించాడని చెప్పిన రోజు వాన వెలవగానే చెప్పులు విసిరి పారేసి ఆడాం, ముగ్గురికి ముళ్లు దిగాయి. దస్తీ కెప్టెన్ మణికట్టుకు దస్తీ కట్టుకునేవాడట, అది విప్పాడంటే ఇక జట్టంతా ముందుకురకాలని గుర్తట. మర్నాడు అందరి మణికట్లకూ దస్తీలే. నేను మా అమ్మ లేసు రుమాలు కట్టుకుపోయి బురద చేసి తెచ్చాను, ఆవిడ నా వీపు చీరేసింది. ఆ కథల్లో సగం ఎక్కడా రాసి లేవని పెద్దయ్యాక వెతికి చూస్తే తెలిసింది. అయినా నాకు ఆ సగం మీదే నమ్మకం ఎక్కువ.

ఒకటి మాత్రం మామ ఎన్నిసార్లు చెప్పినా నిజమే. ఆ రోజుల్లో దేశపు జట్టు మైదానంలోకి దిగితే అందులో మన హైదరాబాద్ వాళ్లు ఎందరో లెక్కపెట్టుకోవడానికి చేతివేళ్లు కావలసి వచ్చేవి. ప్రతి కథలోనూ మేమడిగే మొదటి ప్రశ్న అదే, ఏ ఊరోడు మామా అని. మనోడే అంటే ఒక అరుపు అరిచేవాళ్లం.

వరస ఎప్పుడూ ఒకచోట ఆగిపోయేది. ఆఖరివాడు బూట్లిచ్చిన కెప్టెన్. నగరంలో ఏదో పోటీలో ఎల్లయ్య మామ మీద ఆడి, ఆట అయ్యాక మామ చిరిగిన బూట్లు చూసి, తన సంచిలోంచి రెండో జత తీసి చేతిలో పెట్టి, ఇవి వేసుకుని దేశపు క్యాంపుకు రా, నీ పేరు నేను చెబుతాను అన్నాడట. ఆ బూట్లను మేం కళ్లారా చూశాం. ఏడాది పొడుగునా కాగితంలో చుట్టి సజ్జ మీద ఉండేవి. దసరాకు ఆయుధపూజ నాడు కిందికి దిగేవి. సైకిలు, పానాలు, సుత్తి, వాటి పక్కన నల్లటి బూట్లు, వాటికీ పసుపూ కుంకుమా. "చెప్పులకు పూజేంది, లోకం నవ్వుతది" అని మామ భార్య సత్తెమ్మ అత్త సణిగేది. "అవి చెప్పులు గావు" అనేవాడు మామ.

"తర్వాత ఎవరు మామా?" అని అడిగేవాళ్లం.

"తర్వాత వాన తగ్గింది. పోండ్రి, ఆడుకోండ్రి."

ఒక ఏడు ఆ మాట అన్నప్పుడు వాన తగ్గలేదు. రేకుల అంచు నుంచి ధార కడుతోంది, గ్రౌండ్ చెరువైపోయింది. మేం ముఖాలు చూసుకున్నాం. మామ నూనె సీసాకు బిరడా బిగించుకుంటూ, "తగ్గింది అంటున్న గద" అన్నాడు. ఆయన గొంతు విని ఎవరికీ ఎదురు చెప్పబుద్ధి కాలేదు. వానలోకి దిగి ఆడాం. నీళ్లలో బంతి కదలదు, ఎక్కడ తన్నితే అక్కడే కూర్చుంటుంది, అయినా పొద్దుగూకే దాకా తన్నాం. వెనక్కి చూస్తే ఆయన ఇంకా గట్టు మీదే ఉన్నాడు, మా వైపు చూడకుండా.

మరుసటి ఏడు తొలి ఏకాదశికి పేలపిండి దంచడానికి అత్త నన్ను పిలిచింది. జొన్నపేలాలు, బెల్లం, కొంచెం యాలకుల పొడి. రోట్లో పోటు పడ్డప్పుడల్లా తియ్యటి పొడి లేచి రెప్పల మీద వాలేది. బూట్లిచ్చిన కెప్టెన్ తర్వాత మామ ఎందుకు చెప్పడు అత్తా అని అడిగాను. ఆవిడ రోకలి ఆపలేదు.

"ఎట్ల జెప్తడు బిడ్డా? క్యాంపుకు పోవాల్నని పిలుపొచ్చిన నెలనే కంపెనీల టెంపరరోళ్లను పర్మినెంటు జేసుడు పెట్టిన్రు. అప్పుడే వచ్చిన మేనేజరు, ఊర్ల లేనోడి పేరు తీసేస్త అన్నడు. నా కడుపుల పెద్దపిల్ల. పోనీ, పోయిరా అన్న నేను. ఈయననే పోలే. ఈయన జాగల యాడనో ఉన్న ఇంకో పోరన్ని తీస్కున్నరు. ఆ పోరడే తర్వాత కెప్టెన్ అయిండు."

నా చేతిలో బెల్లం ముక్క అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది. ఆ తర్వాత రేకుల కింద మిగతావాళ్లు తర్వాత ఎవరు మామా అని అడుగుతుంటే నేను లేచి పోయి సైకిల్ బెల్లులు మోగించేదాన్ని, ఆయనకు వినబడకుండా ఉండాలని.

పర్మనెంటు అన్న ఆ ఉద్యోగం కూడా కడదాకా నిలవలేదు. ముందు జట్టు తీసేశారు. తర్వాత షిఫ్టులు తగ్గించారు. తర్వాత ఒకరోజు గేటుకు తాళం వేశారు. మా నాన్న ఇంకో కంపెనీలో లెక్కలు చూసుకోవడానికి పోయాడు. మామ సైనిక్‌పురిలో ఒక బడి గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడి, పిల్లల బంతి గోడ దాటితే తెచ్చి ఇస్తూ ముసలివాడయ్యాడు. మేం ఉప్పల్‌కు మారిపోయాం. పెళ్లి, పిల్ల, ఉద్యోగం, ఆసుపత్రులు. ఎదురెదురు ఇళ్లలో పెరిగిన మనుషుల్ని ఇంత దగ్గర ఊళ్లో ఉండి కూడా పెళ్లిళ్లలో, చావుల్లో తప్ప చూడని బతుకైపోయింది అందరిదీ. సత్తెమ్మ అత్త పోయినప్పుడు వెళ్లాను. మళ్లీ ఈ వానాకాలంలో వెళ్లాను.

మామ ఇప్పుడు పెద్దకూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ ఫ్యాక్టరీ స్థలంలోనే లేచిన అపార్టుమెంట్లలో మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు, నా మోకాళ్లు ప్రతి మెట్టునూ పలకరించుకుంటూ ఎక్కాయి. మామ కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు, బక్కచిక్కి, చూపు బాగా మందగించి. టీవీలో మన దేశం ఎవరితోనో ఫుట్‌బాల్ ఆడుతోంది. శబ్దం లేదు. మన వాళ్లు ఓడిపోతున్నారు.

"గోల్‌కీపరొచ్చిందా?" అన్నాడు నా గొంతు విని. కాసేపు మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం, మా ఇద్దరికీ అంతకన్నా దగ్గరి చుట్టం లేదు. బయట వాన మొదలైంది. మూడో అంతస్తులో రేకుల చప్పుడు ఉండదు, కిటికీ అద్దం మీద చిటపటలు మాత్రం. ఆయన చెవి అటు తిప్పాడు.

"నేను యాడ ఆపిన బిడ్డా?"

ఏమిటి మామా అని అడగాల్సిన అవసరం నాకు లేకపోయింది. "బూట్లిచ్చిన కెప్టెన్ దగ్గర" అన్నాను.

"తర్వాతోన్ని జెప్పు."

ఆ తర్వాతి వాడి గురించి దొరికినంతా ఎప్పుడో చదివి పెట్టుకున్నాను. ఎవరికి చెప్పడానికో తెలియకుండానే చదివాను. ఆయన ఎదురుచూస్తున్నాడు. ఏ పొరుగు రాష్ట్రం వాడో, ఏ పక్కన ఆడేవాడో చెప్పాను. పేరు చెప్పలేదు. ఎడమకాలి కెప్టెన్ అన్నాను.

"మంచిగ ఆడిండా?"

"ఆడాడు మామా. చాలా బాగా ఆడాడు. మోకాలు దెబ్బతిన్నా ఆడాడట."

మామ అరచేత్తో తన మోకాలు రుద్దుకున్నాడు, మెల్లగా, చాలాసేపు. "గట్లైతె మంచిదే" అన్నాడు. "జాగ ఖరాబు కాలే."

ఆ మాటకు నేను ముఖం అటు తిప్పుకోవలసి వచ్చింది. ఇన్నేళ్లు ఆయన చెప్పుకోలేక ఆగిపోయిన చోట, తెలుసుకోవాలనుకున్నది ఇంతేనా అనిపించింది. తర్వాతి వాళ్లను వరసగా చెప్పుకుంటూ పోయాను. పేర్లు లేకుండా, పొడుగు కెప్టెన్, నోరు మంచిది కాని కెప్టెన్, ఎప్పుడూ ఆకాశం చూసి దిగే కెప్టెన్, నాకు తెలియని చోట సొంతంగా కల్పించి, ఆయన ఎలా చెప్పేవాడో అలాగే. ప్రతిసారీ ఆయన ఒకటే అడిగాడు, ఏ ఊరోడని. మొదట్లో ఒకరిద్దరు మనోళ్లు తగిలారు, అప్పుడు బోసినోరు తెరిచి నవ్వాడు. తర్వాత ఊళ్లు దూరమవుతూ పోయాయి. టీవీలో ఆడుతున్న ఇప్పటివాడి దాకా వచ్చాను.

"గీ పదకొండుగురిల మనోడు ఒక్కడన్న ఉన్నడా?"

తెర వైపు చూశాను. అబద్ధం చెబుదామా అనుకున్నాను, ఆయనకు ఎటూ కనబడదు. కానీ కథలెన్ని కల్పించినా, ఏ ఊరోడన్న దాంట్లో అబద్ధం చెప్పాలనిపించలేదు. "లేరు మామా" అన్నాను.

ఆయన తల ఊపాడు. కాళ్ల మీదికి దుప్పటి లాక్కున్నాడు. అద్దం మీద వాన అప్పుడే దంచి కొట్టడం మొదలుపెట్టింది, ఎదురు బ్లాకు కూడా కనబడడం లేదు.

"వాన తగ్గింది బిడ్డా. పో, ఆడుకో" అన్నాడు, గోడ వైపు తిరిగి పడుకుంటూ.

మెట్లు దిగి వచ్చాను. కింద పార్కింగులో కార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇంకా మిగిలిన పాత ఫ్యాక్టరీ గోడ వంపును బట్టి చూస్తే, నా రెండు ఇటుకలు ఉండిన చోటు ఆ తెల్ల కారు కిందెక్కడో ఉండాలి. ఎర్రమట్టి ఒక్క గుప్పెడు కూడా లేదు, అంతా సిమెంటే. సైకిల్ స్టాండు లేదు, మక్క కంకులమ్మే ముసలమ్మ లేదు, ఏ ఊరోడు మామా అని అరిచే గొంతుల్లో సగం ఈ లోకంలోనే లేవు. మోకాళ్లు సలుపుతున్నాయి. గేటు దాకా వెళ్లాక వాచ్‌మన్ పిలిచి, అమ్మా, గొడుగు చేతిలో పెట్టుకుని తడుస్తున్నారేంది అన్నాడు.

వాన తగ్గిందని మామ చెప్పాడు కదా. గొడుగు తెరవకుండానే నడిచాను.