మా మావయ్యగారి అంతరిక్ష నౌకాదళం

నేను వట్లూరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఫోన్‌లో చదువుకునే ఒక కథల యాప్‌లో, వేరే పేరు పెట్టుకుని, ఒక అంతరిక్ష సామ్రాజ్యం గురించి సీరియల్ కూడా రాస్తాను. ఈ రెండో సంగతి ఇంట్లో మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదనుకునేదాన్ని. తొమ్మిదో భాగం వచ్చిన వారం, ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుని హాల్లోకి వచ్చేసరికి, మా మావయ్యగారు తొమ్మిది భాగాలూ ప్రింట్లు తీయించి, పిన్నులు కొట్టించి, డైనింగ్ టేబుల్ మీద వరసగా పేర్చుకుని కూర్చున్నారు. మార్జిన్ల నిండా ఎర్రసిరా. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చెప్పిందెవరో అర్థమైంది.

మావయ్యగారు ఏలూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. కాలువల లెవెళ్ళు, గట్ల మరమ్మతులు, వాటి ఫైళ్ళు, అదే ఆయన జీవితం. నా కథలో ఉన్నది సప్తచంద్ర సామ్రాజ్యం. ఏడు చందమామలు, ఏడు వందల యుద్ధనౌకలు, వాటన్నిటికీ పైన ఒక మహానౌకాధిపతి. ఆయన చెయ్యెత్తితే ఏడు వందల నౌకలూ కదులుతాయి. ఆ సన్నివేశం రాసినప్పుడు నాకే ఒళ్ళు గగుర్పొడిచింది.

"అమ్మాయ్, ఇలా కూర్చోమ్మా," అన్నారు మావయ్యగారు. "కథ బాగుంది. ఆపకుండా చదివించింది. కానీ ఏడు వందల ఓడలకి ఒక్క మనిషేంటమ్మా? ఆయనకి జ్వరం వస్తే?"

"రాదండీ. ఆయన మహావీరుడు."

"మహావీరుడికైనా ఒక్కోసారి ఒంట్లో బాగోదు కదమ్మా. సెలవు పెడితే ఇన్‌చార్జి ఎవరు?"

నేను దాని గురించి ఆలోచించలేదని ఒప్పుకున్నాను. ఆయన సంతోషంగా ఒక తెల్లకాగితం లాక్కున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి సామ్రాజ్య నౌకాదళం మొత్తం ఆ కాగితం మీదకి వచ్చేసింది. ఒక్కో చందమామకి ఒక్కో దళం. దళానికొక అధిపతి, ఆయన కింద ఒక ఉపాధిపతి. గస్తీ ఓడలు వేరు, యుద్ధం చేసేవి వేరు. తిండీ ఇంధనం మోసే ఓడలకి విడిగా ఒక అధికారి. మరమ్మతుల రేవులు మాత్రం దళాధిపతుల చేతిలో ఉండకూడదట, నేరుగా చక్రవర్తి కిందే ఉండాలట.

"అదేంటండీ? ఓడలు నడిపేవాళ్ళకే కదా వాటి బాగోగులు తెలిసేది?"

"ఓడ బాగుందని సంతకం పెట్టేవాడూ, ఆ ఓడేసుకుని యుద్ధానికెళ్ళి పేరు తెచ్చుకుందామనుకునేవాడూ ఒకడే అయితే ఎలాగమ్మా? బాగుందనే రాస్తాడు."

ఆ మాట నాకు నిజంగా నచ్చింది. తర్వాతి మూడు భాగాలూ ఆయన కాగితం ముందు పెట్టుకునే రాశాను. ప్రతి ఆదివారం కూర్చునేవాళ్ళం. ఆయన సీనియారిటీ జాబితాలు తయారుచేశారు. ఒక చందమామ నుంచి ఇంకో చందమామకి బదిలీ అయిన దళాధిపతి ఎన్నాళ్ళలో చార్జి తీసుకోవాలో నిబంధన రాశారు. పన్నెండో భాగంలో శత్రువు మూడో చందమామ మీదికి వచ్చి పడ్డాడు. మన దళం మాత్రం రేవులోనే ఉండిపోయింది. సరఫరా అధికారి సెలవులో ఉన్నాడు, ఉపాధిపతికి ఇంకా చార్జి అప్పగించలేదు.

పాఠకులు ఊరుకోలేదు. "ఇది యుద్ధమా, ఆఫీసు ఫైలా?" అని ఒకరు రాశారు. "శత్రువు కూడా దరఖాస్తు పెట్టుకోవాలా అండీ?" అని ఇంకొకరు. చదివేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. ఆ ఆదివారం మావయ్యగారు కొత్త కాగితంతో వచ్చేసరికి నేను ఫోన్‌లో ఆ వ్యాఖ్యలే చదువుతున్నాను.

"మావయ్యగారూ, నా కథలోకి మీ ఆఫీసు ఎందుకండీ?" అనేశాను.

ఆయన కలానికి మూత పెట్టి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు. ఆ వారమంతా నాతో మామూలుగానే మాట్లాడారు. కూరలో ఉప్పు సరిపోయిందన్నారు, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగారు. చందమామల ఊసు మాత్రం ఎత్తలేదు. "అమ్మ పోయాక నాన్న అంత హుషారుగా ఉండటం ఈ నెల్లోనే చూశాను," అన్నారు మా ఆయన, నన్ను తప్పుపట్టకుండానే. అలా అనడం తిట్టినదానికంటే ఎక్కువ బాధపెట్టింది.

శుక్రవారం సాయంత్రం టీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. క్షమించమని అడగడానికే వెళ్ళాను గానీ, "మావయ్యగారూ, ఓడలు బారుగా వెళ్తున్నప్పుడు ముందు ఏం జరిగిందో వెనకాల ఉన్నవాళ్ళకి ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

ఆయన టీ అందుకున్నారు. "అది నాకు తెలియదమ్మా," అన్నారు. "కాగితం మీద తెలిసేది కాదు. నీళ్ళ మీదికెళ్ళి చూడాలి."

మర్నాడే కొల్లేరు బయల్దేరాం, మా ఆయనతో సహా. దారి పొడుగునా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు. ఒక లంకగ్రామం రేవులో నాలుగు పడవలూ, వాటి దగ్గర వల బాగుచేసుకుంటూ యాభై దాటిన ఒకావిడా కనిపించారు. పడవలు ఆవిడవీ, ఆవిడ తమ్ముళ్ళవీ.

"నాలుగూ కావాలండి," అన్నారు మావయ్యగారు.

ఆవిడ మా ముగ్గురినీ లెక్క చూసుకుంది. "ముగ్గురికి నాలుగెందుకండి బాబుగారూ?"

"యుద్ధానికండి," అన్నారు ఆయన, నవ్వకుండా.

ఆవిడ కూడా నవ్వలేదు. వల పక్కన పెట్టి, "పిట్టల్ని బెదరగొట్టకూడదండి మరి," అంది.

మావయ్యగారు మొదటి పడవలో ఎక్కారు. ఆయనే మహానౌకాధిపతి. నేను రెండో దాంట్లో, మా ఆయన మూడో దాంట్లో. ఆవిడ తన గెడకర్రతో నాలుగో పడవలో, అందరికన్నా వెనక. ఆవిడ కేకేస్తే వచ్చిన తమ్ముళ్ళు ముగ్గురూ మా పడవలు నడుపుతున్నారు. ఒడ్డు దాటి కాస్త లోపలికి వెళ్ళగానే మావయ్యగారు నిలబడి గొడుగు ఎత్తి ఎడమవైపుకి చూపించారు. ఎదురుగాలి. ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు. నా పడవ కుడికి తిరిగింది. మా ఆయన పడవ వచ్చి మా పడవని గుద్దుకుంది. మావయ్యగారి పడవ తిన్నగా వెళ్ళి నీళ్ళ మీద పరుచుకున్న గుర్రపుడెక్క గుబురులో దిగబడిపోయింది. ఆయన గొడుగు ఇంకా పైకే ఉంది.

"కూర్చోండి బాబుగారూ, పడిపోతారు!" అని కేకేసింది ఆవిడ.

తర్వాత పావుగంట ఆవిడదే రాజ్యం. ముందు మా పడవల్ని విడదీసింది. తన పడవని గుబురు పక్కగా తీసుకెళ్ళి, గెడతో డెక్క తోసి, మావయ్యగారిని వెనక్కి లాగించింది. పడవల వరస మార్చేసింది. డెక్కలో దారి తెలిసిన చిన్న తమ్ముడిని ముందు పెట్టింది. మావయ్యగారిని రెండో చోటికి మార్చింది. అన్నిటికన్నా నెమ్మదిగా వెళ్ళే పడవ మా ఆయనది, మిగతావి దాని నడకకి తగ్గట్టు వెళ్ళాలంది. ఎవరూ అరవక్కర్లేదట. ముందు పడవలో తువ్వాలు ఎటు ఊపితే వెనకాల వాళ్ళు అటు ఊపాలి, అంతే.

ఈసారి నాలుగు పడవలూ ఒక తాడుకి కట్టినట్టు డెక్కలోంచి మలుపులు తిరుగుతూ తేటనీళ్ళలోకి వచ్చేశాయి. గూడబాతులు తల తిప్పి చూశాయి గానీ లేవలేదు.

ఒడ్డుకి చేరాక మావయ్యగారు జేబులోంచి ఆ మడిచిన కాగితం తీశారు. ఆదివారం ఆయన నాకు చూపించకుండానే మడిచి పెట్టుకున్నది అదే. వెనక వైపు ఖాళీగా ఉంది. దాని మీద ఏదో రాసుకుంటూ ఎంతో గౌరవంగా అడిగారు.

"మీ పదవి ఏంటండి?"

"పదవేంటండి బాబుగారూ," అంది ఆవిడ. "పడవండి."

మావయ్యగారు అంత గట్టిగా నవ్వడం నేను మునుపెన్నడూ వినలేదు. తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లో కూర్చుని, "అమ్మాయ్, నా జాబితాలో ఒకటి తప్పిపోయింది," అన్నారు. "దారి తెలిసినవాడి పేరు సీనియారిటీలో అడుగున ఉంటుంది. రాళ్ళల్లోకీ డెక్కల్లోకీ వెళ్ళినంతసేపూ అధికారం వాడిదే అని ఎక్కడా రాయలేదు నేను."

"నేను కూడా ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందండీ," అన్నాను.

"కథ నీదమ్మా. నువ్వు అన్నది నిజమే," అన్నారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పదమూడో భాగంలో మూడో చందమామ చుట్టూ ఉన్న రాళ్ళ వలయంలోకి మన దళం వెళ్ళింది. ముందు నడిచింది ఒక పాత గస్తీ ఓడ. దాని నాయకురాలికి బిరుదులేమీ లేవు. మహానౌకాధిపతి ఆవిడ వెనక, ఆవిడ దీపం ఎటు ఊగితే అటు వెళ్ళాడు. వెళ్ళిపోయిన పాఠకుల్లో కొందరు తిరిగి వచ్చారు. అంతా రాలేదు. ఒకాయన మాత్రం, నిబంధనల భాగాలు కూడా పెట్టండి, నేను వాటి కోసమే చదువుతున్నాను అని రాశారు. మావయ్యగారు ఆ ఒక్క వ్యాఖ్యనీ ప్రింటు తీయించారు.

ఇప్పుడు శత్రువు నౌకాదళం ఎలా ఉండాలన్నది సమస్య. "శత్రువుకీ ఒక ఆఫీసు ఉంటుంది కదమ్మా," అని మావయ్యగారు అటుపక్క బాధ్యత తీసుకున్నారు. తీసుకున్న రోజు నుంచి నాకు ఏమీ చెప్పడం లేదు. నేను గదిలోకి వెళ్తే కాగితం మీద పేపరు కప్పేస్తున్నారు. తాడేపల్లిగూడెంలో మా పుట్టింటికి ఫోన్ చేసి, ఉల్లిపాయల బస్తాలు లారీలో ఎలా పేరుస్తారో ఉల్లిపాయల వ్యాపారం చేసే మా నాన్నగారిని అడిగారట. శత్రువు సరఫరా ఓడల కోసమని నాన్నగారు చెప్పాకగానీ నాకు తెలియలేదు.

పోయిన ఆదివారం డైనింగ్ టేబుల్ మీద శనగగింజలు మోహరించి ఐదో చందమామ యుద్ధం చేశాం. మా ఆయన న్యాయనిర్ణేత. గంటన్నరలో నేను ఓడిపోయాను. మావయ్యగారి దళం నా మరమ్మతుల రేవుని ముందే పట్టుకుంది. నా ఓడలు దెబ్బతిన్నాక పోవడానికి చోటు లేకుండా పోయింది. మేం పెట్టుకున్న నియమం ప్రకారం ఇక ఐదో చందమామ పోయినట్టే కథలోనూ రాయాలి. ఎలా రాయాలో తోచక గింజల వైపు చూస్తూ కూర్చున్నాను. మావయ్యగారు వంటింట్లోకి వెళ్ళి, మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, నాకు టీ పెట్టి తెచ్చారు. పంచదార ఎక్కువైంది. నేను బాగుందన్నాను.